చిన్న ఆదాయాలకు మూలధన లాభాల లెక్క: విజయనగరంలోని ఒక పన్ను సలహా కార్యాలయంపై సమీక్ష

విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం వైపు వెళ్లే దారిలో, ఒక బట్టల దుకాణం పై అంతస్తులో నడుస్తున్న పన్ను సలహా కార్యాలయం పనితీరు గురించి రాస్తున్నాను. ప్రచారం నా ఉద్దేశం కాదు కాబట్టి పేరు రాయడం లేదు. ఉపాధ్యాయుల జీతాల రిటర్నులు, దుకాణదారుల జీఎస్టీ లెక్కలు అక్కడి రోజువారీ పని. వాటిని ఊళ్లో చాలామంది బాగానే చేస్తారు. ఏడాదికి లక్ష రూపాయల ఆదాయం కూడా లేని మనిషి, జీవితంలో ఒక్కసారి ఒక స్థలం అమ్ముకుని పన్ను ఎంత కట్టాలో తెలియక వచ్చినప్పుడు ఆ కార్యాలయం ఏం చేసిందన్నదే నేను చూసిన విషయం. ఆ పనిని వారు ఎంత శ్రద్ధగా చేశారో, ఎక్కడ తగ్గారో రెండూ చెబుతాను.

ముందుగా, ఈ సేవకు ఇంత విలువ ఎందుకో అర్థం కావాలంటే రేటు సంగతి చెప్పాలి. 2024 జూలై 23 నుంచి భూమి, ఇల్లు, బంగారం, షేర్లు వంటి ఆస్తుల దీర్ఘకాలిక మూలధన లాభంపై, అంటే చాలాకాలం ఉంచుకున్న ఆస్తిని అమ్మగా వచ్చిన లాభంపై, సాధారణంగా 12.5 శాతం పన్ను వర్తిస్తోంది. జీతం మీద పన్ను స్లాబుల (ఆదాయ శ్రేణుల) ప్రకారం మెట్టు మెట్టుగా పెరుగుతుంది గాని ఈ పన్నుకు మెట్లు లేవు. ఏడాదికి 30 లక్షలు సంపాదించే వ్యక్తి తన పై స్లాబులో 30 శాతం కట్టవలసినవాడు కాబట్టి అతనికి 12.5 శాతం పెద్ద తగ్గింపు. స్లాబు ప్రకారం 5 శాతం దగ్గరే ఆగిపోయే మనిషికి అదే 12.5 శాతం రెండున్నర రెట్ల భారం. అందరికీ ఒకే రేటు అన్న మాట వినడానికి న్యాయంగా ఉంటుంది. లెక్క కట్టి చూస్తే ఆ రేటు ఒకరిని కిందికి దించుతుంది, మరొకరిని పైకి ఎత్తుతుంది. చిన్న ఆదాయం ఉన్నవారికి ఈ భారాన్ని తగ్గించే దారులు చట్టంలో కొన్ని ఉన్నా, అవి రేటులో కనబడవు, లెక్క వేసే పద్ధతిలో దాగి ఉంటాయి. వాటిని వెతికి తీసేవారు ఎదురుగా కూర్చున్నారా లేదా అన్నదాని మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

మా పిన్ని చీపురుపల్లి దగ్గర పల్లెలో ఉంటుంది. వయసు అరవై దాటింది. బాబాయి జూట్ మిల్లులో పనిచేసి పోయిన తర్వాత వచ్చిన డబ్బును బ్యాంకులో వేసుకుని, ఏడాదికి సుమారు 60,000 రూపాయల వడ్డీతో, కొద్దిపాటి పొలంతో బతుకుతోంది. 2009-10లో తన పేరు మీదే విజయనగరం శివార్లలో కొన్న ఇంటి స్థలాన్ని 2025-26 ఆర్థిక సంవత్సరంలో 7,65,000 రూపాయలకు అమ్మింది. కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చులతో కలిపి లక్ష రూపాయలు అయింది, అమ్మినప్పుడు మధ్యవర్తికి 15,000 ఇచ్చింది. అంటే లాభం 6,50,000. మొదట మేము అడిగిన ఒక ఏజెంటు కాలిక్యులేటరు మీద 12.5 శాతం కొట్టి, దానికి 4 శాతం సెస్సు (పన్ను మీద పడే అదనపు వసూలు) కలిపి, 84,500 రూపాయల చలానా కట్టమన్నాడు. పిన్ని ఏడాదిన్నర పాటు తినే వడ్డీ కంటే అది కాస్త తక్కువ మాత్రమే.

ఈ కార్యాలయంలో మాకు కనబడిన మొదటి తేడా ఏమిటంటే, అక్కడి సలహాదారు కాలిక్యులేటరు తీయకముందు ప్రశ్నలు అడిగారు. పిన్నికి వేరే ఆదాయం ఏముంది, వయసెంత, స్థలం ఎవరి పేరు మీద ఎప్పుడు కొన్నారు, ఆ ఏడాది విదేశాల్లో ఉన్నారా అని అడిగి, ఒక కాగితం మీద గీత గీసి, పన్ను లెక్కకు మనం ఎంచుకోగల రెండు పద్ధతులను, ఒకవైపు పాత విధానం, ఇంకొకవైపు కొత్త విధానం అని రాశారు. దేశంలో నివసించే వ్యక్తికి మిగతా ఆదాయం ప్రాథమిక మినహాయింపు పరిమితికి, అంటే పన్ను పడని ఆదాయ హద్దుకు, చేరకపోతే, మిగిలిపోయిన పరిమితిని దీర్ఘకాలిక లాభంలోంచి తీసివేయవచ్చని మాకు అప్పుడే తెలిసింది. కొత్త విధానంలో ఆ ఏడాదికి పరిమితి 4 లక్షలు. పిన్ని వడ్డీ 60,000 పోగా ఇంకా 3,40,000 రూపాయల పరిమితి మిగిలింది. దాన్ని 6,50,000 లాభంలోంచి తీసేస్తే పన్ను పడేది 3,10,000 మీదనే. 12.5 శాతం చొప్పున 38,750, సెస్సుతో 40,300. మొదటి ఏజెంటు చెప్పిన అంకెలో ఇది సగం కూడా కాదు. పాత విధానంలో వృద్ధులకు పరిమితి 3 లక్షలు, డిపాజిట్ల వడ్డీపై 50,000 వరకు తగ్గింపు ఉన్నా, అటువైపు లెక్క 46,800 తేలింది. వృద్ధులకు పాత విధానమే మేలని చుట్టాలందరూ చెబుతుండగా, రెండు లెక్కలూ పక్కపక్కనే వేసి చూపించి కొత్తదే మేలని తేల్చడం ఆ కార్యాలయం చేసిన మంచి పనుల్లో ఒకటి.

ఇక్కడ మాలో ఒకరికి సహజంగానే సందేహం వచ్చింది. పన్నెండు లక్షల దాకా పన్ను లేదని ఊరూరా అనుకుంటున్నారు కదా, పిన్ని మొత్తం ఆదాయం 7,10,000 మాత్రమే కదా అని. సలహాదారు దీనికి ఇచ్చిన వివరణ నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. ఆ పన్నెండు లక్షల వరకు వచ్చే రిబేటు, అంటే లెక్క తేలిన పన్నును మాఫీ చేసే తగ్గింపు, 2025-26 నుంచి స్లాబుల ప్రకారం పన్ను పడే ఆదాయానికే పరిమితం. ప్రత్యేక రేటు పడే ఆదాయానికి, అంటే 12.5 శాతం పడే ఈ లాభానికి, కొత్త విధానంలో ఆ రిబేటు రాదు. పన్నెండు లక్షల జీతం ఉన్న ఉద్యోగి సున్నా కడతాడు, ఏడు లక్షల పదివేలు చూసిన పల్లెటూరి వితంతువు 40,300 కడుతుంది. ఇంకా విచిత్రమైన సంగతి ఉంది. స్థలాన్ని కొన్న 24 నెలలలోపే అమ్మితే వచ్చేది స్వల్పకాలిక లాభం. స్థలం మీద వచ్చే అలాంటి లాభానికి ప్రత్యేక రేటు లేదు, స్లాబుల ప్రకారమే పన్ను పడుతుంది, కాబట్టి రిబేటు వర్తిస్తుంది. పిన్ని అదే 6,50,000 లాభాన్ని రెండేళ్లలోపు అమ్మకంతో సంపాదించి ఉంటే స్లాబు ప్రకారం 15,500 పన్ను పడి, అది మొత్తం రిబేటులో పోయి, చెల్లించవలసింది సున్నా అయ్యేది. పదిహేనేళ్లకు పైగా స్థలాన్ని కాపాడుకున్నందుకు పన్ను, రెండేళ్లలో అమ్ముకున్నవారికి మాఫీ. దీర్ఘకాలం ఆస్తిని ఉంచుకున్నవారికి తక్కువ రేటు ఇవ్వాలన్నది ఈ పన్ను వెనుక ఉన్న ఆలోచన. చిన్న ఆదాయాల దగ్గరికి వచ్చేసరికి అది తలకిందులైంది. దీన్ని సరిదిద్దవలసింది పార్లమెంటు. కనీసం భూమి అమ్మకం మీద వచ్చే లాభానికైనా, మొత్తం ఆదాయం పరిమితి లోపల ఉంటే, రిబేటు ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆ తర్వాత సలహాదారు అడిగిన ప్రశ్న వల్లనే నేను ఈ సమీక్ష రాయాలనుకున్నాను. "అమ్మా, మీకు పీఎం కిసాన్ డబ్బులు పడుతున్నాయా? బియ్యం కార్డు ఉందా?" అని అడిగారు. "రెండూ ఉన్నాయి బాబూ, కిసాన్ డబ్బులు ఇప్పటికీ పడతన్నాయి" అంది పిన్ని. పన్ను లెక్కలు చూసేవారు ఇలాంటి ప్రశ్న అడగగా నేను ఇదివరకు వినలేదు. ఏడాదికి మూడు విడతల్లో 6,000 రూపాయలు ఇచ్చే పీఎం కిసాన్ పథకంలో, గత మదింపు సంవత్సరంలో ఆదాయపు పన్ను చెల్లించినవారు అనర్హులు. మన రాష్ట్రంలో బియ్యం కార్డు అర్హతల్లోనూ కుటుంబంలో ఆదాయపు పన్ను చెల్లించేవారు ఉండకూడదన్న షరతు ఉంది. జీవితంలో ఒక్కసారి స్థలం అమ్మి ఒక్కసారి పన్ను కట్టిన మనిషి, ప్రతి ఏటా పన్ను కట్టే ఉద్యోగితో సమానంగా ఆ జాబితాలోకి చేరిపోవచ్చు. అంటే పిన్నికి అసలు భారం 40,300తో ఆగదు. ఒక కిలో బియ్యం కోసం సచివాలయం చుట్టూ తిరగవలసి వస్తే ఆ వయసు మనిషికి ఎంత కష్టమో పల్లెల్లో ఉన్నవారికి చెప్పనక్కరలేదు.

అందుకే వారు బాండ్ల దారి చూపించారు. భూమి, భవనం అమ్మిన ఆరు నెలల్లోపు ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ వంటి ప్రభుత్వ రంగ సంస్థల మూలధన లాభ బాండ్లలో పెట్టిన మొత్తం మేరకు లాభానికి మినహాయింపు ఉంటుంది. పరిమితి 50 లక్షలు. ఐదేళ్ల దాకా డబ్బు తీయడానికి లేదు, తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవడానికీ లేదు, వడ్డీ 5.25 శాతం, ఆ వడ్డీ మీద పన్ను మినహాయింపు లేదు. ఈ నాలుగు లోపాలనూ వారే ముందుగా చెప్పారు. వైద్యానికి, మనవరాలి చదువుకు ఎంత చేతిలో ఉంచుకోవాలో పిన్నినే అడిగి, మొత్తం లాభాన్ని బాండ్లలో పెట్టనక్కరలేదని, 3,10,000 పెడితే చాలునని లెక్క చూపించారు. మిగిలిన 3,40,000 లాభం, 60,000 వడ్డీ కలిపి సరిగ్గా 4 లక్షల పరిమితిలో ఇమిడిపోయి పన్ను సున్నా అవుతుంది. పన్ను కట్టనవసరం లేదు కాబట్టి పన్ను చెల్లించినవారి జాబితాలో పేరు చేరే ప్రసక్తీ లేదు. అయినా రిటర్ను మాత్రం దాఖలు చేయాలని, బాండ్ల మినహాయింపుకు ముందున్న ఆదాయం పరిమితి దాటింది కాబట్టి అది తప్పనిసరి అని, జీతగాళ్లు వేసే మొదటి ఫారం కాకుండా రెండో ఫారం వేయాలని చెప్పి, వారే వేశారు. పన్ను లేనప్పుడు రిటర్ను ఎందుకని వదిలేసి తర్వాత నోటీసులు అందుకునేవారికి ఈ ఒక్క మాట ఎంతో ఉపయోగం.

ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి లాభం లెక్కించడం) విషయంలోనూ వారి లెక్క నమ్మదగినదే. మా వీధిలో ఉండే విశ్రాంత మాస్టారు ఒకరు అదే కార్యాలయానికి వెళ్లారు. ఆయన పింఛను ప్రాథమిక పరిమితిని దాటి ఉంటుంది కాబట్టి పిన్నికి దొరికిన సర్దుబాటు ఆయనకు లేదు. 2011-12లో 3 లక్షలకు కొన్న స్థలాన్ని 2025-26లో 8 లక్షలకు అమ్మారు. ఇండెక్సేషన్ లేకుండా 5 లక్షల లాభం మీద 12.5 శాతం అంటే 62,500. 2024 జూలై 23కు ముందు కొన్న భూమి, భవనాలకు మాత్రం దేశంలో నివసించే వ్యక్తులు ధరల పెరుగుదల సూచీతో కొన్న ధరను పెంచి, 20 శాతం చొప్పున లెక్క వేసి, రెండింటిలో ఏది తక్కువైతే అది కట్టవచ్చు. సూచీ 2011-12లో 184, 2025-26లో 376. ఆ ప్రకారం 3 లక్షలు 6,13,043 అయింది, లాభం 1,86,957కు తగ్గింది, 20 శాతం చొప్పున పన్ను 37,391 తేలింది. సెస్సు కలపకముందే పాతిక వేలు మిగిలాయి. మినహాయింపు పరిమితి తీసివేయకముందున్న పిన్ని మొత్తం లాభానికి ఇదే లెక్క వేస్తే 20 శాతం దారిలో ఎక్కువ వచ్చింది, ఎందుకంటే ఆ స్థలం ధర సూచీ కంటే చాలా వేగంగా పెరిగింది. నెమ్మదిగా ధర పెరిగిన పల్లె స్థలాలు, చిన్న ఊళ్ల ఇళ్లు అమ్ముకునేవారు రెండు లెక్కలూ వేయించుకోకుండా చలానా కట్టకూడదు.

పొలాల సంగతి వేరు, ఇది మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు ముఖ్యమైనది. గ్రామీణ వ్యవసాయ భూమి చట్టం దృష్టిలో మూలధన ఆస్తి కాదు, దాని అమ్మకం మీద ఈ పన్ను లేదు. ఏది గ్రామీణం అన్నది పురపాలక హద్దు నుంచి దూరాన్ని బట్టి తేలుతుంది. జనాభా పది వేలు దాటి లక్ష వరకు ఉన్న పట్టణానికి 2 కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షల వరకు 6 కిలోమీటర్లు, పది లక్షలు దాటితే 8 కిలోమీటర్లు. ఈ దూరాన్ని రోడ్డు మీద కాకుండా ఆకాశ మార్గాన కొలుస్తారు. 2011 జనగణన ప్రకారం విజయనగరం, శ్రీకాకుళం రెండూ లక్ష దాటినవే కాబట్టి 6 కిలోమీటర్ల లెక్క. బొబ్బిలి, పలాస-కాశీబుగ్గ వంటి వాటికి 2 కిలోమీటర్లే. విమానాశ్రయం వల్ల ధరలు పెరిగిన భోగాపురం ప్రాంతంలో మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే విశాఖ మహానగర పాలక సంస్థలో భీమిలి కలిసి ఉంది, దాని హద్దు నుంచి 8 కిలోమీటర్లు లెక్కించాలి. సాగు ఆపి లేఅవుట్ వేసిన భూమికి ఈ మినహాయింపు ఆశించకూడదు. దూరానికి సంబంధించిన ధ్రువపత్రం ముందే తీసుకుని ఫైలులో ఉంచుకోమని ఈ కార్యాలయం రైతులకు చెప్పడం నేను విన్నాను. అర ఎకరం అమ్ముకున్న రైతుకు అది పెద్ద రక్షణ.

షేర్లు, మ్యూచువల్ ఫండ్ల విషయంలో వారి పని సాధారణంగానే ఉంది. లిస్టయిన షేర్లు, ఈక్విటీ ఫండ్ల దీర్ఘకాలిక లాభంలో ఏటా 1,25,000 వరకు పన్ను లేదు. ఏడాదిలోపు అమ్మితే 20 శాతం, దానికీ కొత్త విధానంలో రిబేటు లేదు. జీతం ప్రాథమిక పరిమితి దాటినా రిబేటు వల్ల దాని మీద సున్నా పన్ను ఉన్న కుర్రవాడు ఫోనులో కొని అమ్మి 60,000 లాభం చూస్తే 12,480 కట్టాలి. ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. ఆ లక్షా పాతిక వేల మినహాయింపు షేర్లకే గాని స్థలానికీ బంగారానికీ లేదు. మన జిల్లాల్లో పేద, దిగువ మధ్యతరగతి కుటుంబాలు దాచుకునేది వంద రెండు వందల గజాల్లోనూ, ఆడవాళ్ల మెడలోనూ. మినహాయింపు ఉన్న ఆస్తి వారి దగ్గర లేదు, వారి దగ్గర ఉన్న ఆస్తికి మినహాయింపు లేదు.

ఉద్దానం నుంచి గల్ఫ్‌కు వెళ్లి పనిచేస్తున్నవారి కుటుంబాలు ఒక విషయం గమనించాలి. పన్ను చట్టం ప్రకారం ఆ ఏడాది విదేశవాసిగా లెక్కకు వస్తే, మిగిలిన మినహాయింపు పరిమితిని లాభంలోంచి తీసివేయడం గాని, ఇండెక్సేషన్ ఎంపిక గాని ఉండవు. కొనేవారు అమ్మకం సొమ్ములోంచే పన్ను కోసి జమ చేయాలి. అతని అసలు సంపాదన ఎంత తక్కువైనా అంతే.

ఇక లోపాలు. మొదటిది, లెక్క కాగితం పూర్తిగా ఇంగ్లీషులో ఇచ్చారు. నోటితో తెలుగులో చక్కగా వివరించారు గాని, ఇంటికి వెళ్లాక పిన్ని ఆ కాగితం చూసి ఏమీ అర్థం చేసుకోలేకపోయింది. ఐదేళ్లు డబ్బు ఇరుక్కుపోయే నిర్ణయం తీసుకునే మనిషి చేతిలో తాను చదవగలిగే కాగితం ఉండాలి. రెండవది, బాండ్లకు ఆరు నెలల గడువు ఉందన్న మాట మొదటి సమావేశంలో చెప్పలేదు. కిసాన్ ప్రశ్న వచ్చిన తర్వాతి సమావేశంలోనే ఆ సంగతి తెలిసింది. మాకు సమయం మిగిలి ఉంది కాబట్టి సరిపోయింది. మొదటి రోజునే చెప్పవలసిన మాట అది. మూడవది, ఫీజు ఎంతో ఎక్కడా రాసి పెట్టలేదు. మా దగ్గర లెక్కకూ రిటర్నుకూ కలిపి 2,000 తీసుకున్నారు. చేసిన పనికి అది తక్కువే అంటాను, కానీ చిన్న ఆదాయం ఉన్నవాళ్లు ఫీజుకు భయపడి మెట్లు ఎక్కకుండానే వెనక్కి పోతారు. ఆ మెట్లు కూడా ఇరుకుగా, నిటారుగా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు వస్తే సలహాదారు కిందికి దిగి వచ్చి దుకాణం అరుగు మీద కూర్చుని మాట్లాడతారని అక్కడివారు చెప్పారు, అడిగితేనే వస్తారట. జూలైలో రద్దీ విపరీతంగా ఉంటుంది. అప్పుడు కుర్ర ఉద్యోగులు గబగబా చెప్పి పంపేస్తారు కాబట్టి స్థలం అమ్మినవారు ఆ నెలలో వెళ్లకపోవడమే మేలు.

నా సలహా అడిగితే, అమ్మకం రిజిస్ట్రేషన్‌కు ముందే అక్కడికి వెళ్లండి. మీరు అమ్మే ధర సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోని ప్రభుత్వ విలువ కంటే తక్కువైతే, తేడా పది శాతం దాటినప్పుడు ప్రభుత్వ విలువనే అమ్మకం ధరగా తీసుకుని పన్ను లెక్కిస్తారు. అవసరానికి తక్కువకు అమ్ముకునేవారు చేతికి రాని డబ్బు మీద పన్ను కట్టవలసి రావచ్చు. దస్తావేజు రాయించక ముందైతే దీన్ని సర్దుకునే వీలుంటుంది. కొన్నప్పటి దస్తావేజు, మధ్యవర్తికి ఇచ్చిన సొమ్ముకు రసీదు, బ్యాంకు వడ్డీ పత్రం, పాన్, ఆధార్, పాస్‌బుక్ తీసుకెళ్లండి. 2001 ఏప్రిల్ 1కు ముందు కొన్న ఆస్తి అయితే ఆ తేదీ నాటి ప్రభుత్వ విలువ కూడా తీయించుకోండి, ఎందుకంటే కొన్న ధర బదులు ఆ విలువ దాటకుండా ఆనాటి మార్కెట్ ధరను వాడుకోవచ్చు. బియ్యం కార్డు, కిసాన్ వివరాలు వారే అడుగుతారు. అడగకపోతే మీరే చెప్పండి. లెక్క కాగితం తెలుగులో రాసి ఇమ్మని కూడా అడగండి. నేను అడిగినప్పుడు కాదనలేదు, పిన్ని కోసం అదే కాగితం వెనుక సలహాదారు తన చేతిరాతతో రాసి, కింద తేదీ వేసి ఇచ్చారు.